బూజును బూజు అనే రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి వానలకు నర్సంపేట దగ్గర మా తమ్ముడి మొక్కజొన్న కల్లంలోనే తడిసింది. ఎలాగో ఆరబోసి బస్తాలకెత్తాడు. కొన్నాళ్లకు విప్పి చూస్తే అడుగు గింజల మీద ఆకుపచ్చ పొడి. పిడికిలిలోకి తీసుకుంటే వేళ్లకు అంటుకుంది. ఒకటే ముక్కిన వాసన. ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లినా ఎవరూ కొనరని బర్రెలకు దాణాగా పెట్టబోయాడు. పెట్టవచ్చో లేదోనని, ఊళ్లో పంచిన కరపత్రం తీసి చూశాడు. "అచ్చు ఉన్న మొక్కజొన్నను పశువులకు పెట్టరాదు" అని ఉంది. అచ్చు అంటే సంచి మీద వ్యాపారులు కొట్టే ముద్ర అనుకున్నాడు. తన సంచుల మీద ముద్ర లేదు కాబట్టి ధైర్యంగా రెండు పూటలు పెట్టాడు. నేను వెళ్లి ఆపించాను.

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని, చదవగానే పొరపాటు ఎక్కడుందో తెలిసింది. ఇంగ్లీషు 'మౌల్డ్'ను తెలుగు చేయబోయి 'అచ్చు' అని రాశారు. ఇంగ్లీషులో 'మౌల్డ్' అని ఒకేలా రాసే మాటలు మూడున్నాయి. ఆకారం పోసే మౌల్డ్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. నిలవ రొట్టె మీద పట్టే మౌల్డ్‌కు స్కాండినేవియా భాషలతో చుట్టరికం. మూడోది మెత్తటి మట్టికి పాత ఇంగ్లీషు మాట. ఆకులు కుళ్లి ఎరువైతే లీఫ్ మౌల్డ్ అంటారు. నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్నే ఎత్తి రాస్తే రైతు కొంప మునుగుతుంది.

తెలుగులో ఈ చిక్కే లేదు. ఇటుకకు అచ్చు. ఆదిలాబాద్‌లో డోక్రా అనే ఇత్తడి బొమ్మలు చేసే పనివాళ్లు మైనపు బొమ్మకు మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. ఆ మట్టి తొడుగు మూస. ఊరగాయ మీద, గింజ మీద పట్టేది బూజు. జొన్నకు గింజ బూజు తెగులు అని వ్యవసాయ శాస్త్రవేత్తలే రాస్తున్నారు. ఇంత చక్కటి మాట ప్రతి వంటింట్లో ఉండగా అచ్చు ఎందుకు వచ్చింది?

ఇది భాషాభిమానంతో మాత్రమే అడుగుతున్న ప్రశ్న కాదు. మొక్కజొన్నకు పట్టే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బర్రె తింటే పాలలోకీ దిగుతుంది, ఆ పాలు కాచినా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. తేమ 14 శాతానికి దిగేదాకా ఆరబెట్టి నిలవ చేయమని చెప్పేది ఇందుకే. ఆ కరపత్రంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు.

కరపత్రాలు వేసే కార్యాలయాలకు నా విన్నపం ఒక్కటే. అచ్చుకు పంపేముందు ఒక రైతును కూర్చోబెట్టి చదివించండి. ఏమర్థమైందో ఆయన నోటితోనే చెప్పించుకోండి. అరగంట పని. మీ పత్రిక వ్యవసాయ పేజీలోనూ ఈ జాగ్రత్త తీసుకోవాలని కోరుతున్నాను.

తమ్ముడి ఇంట్లో ఉన్న కాగితం మీద 'అచ్చు' కొట్టేసి 'బూజు' అని రాసి వచ్చాను. ఊళ్లో మిగతా ఇళ్లలో ఉన్నవి అలాగే ఉన్నాయి. మళ్లీ మక్కలు కల్లానికి వచ్చేలోగా సరిచేసిన కరపత్రం ఆ ఇళ్లన్నిటికీ చేరాలి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, హనుమకొండ