కాలు అదరడం వేరు, కదలడం వేరు

సంపాదకులకు,

తాటిచెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగిన గీత కార్మికుల వార్తలు మీ జిల్లా పేజీలో తరచూ చూస్తుంటాం. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కనుక ఇకమీదట పడేవాళ్లు తగ్గొచ్చు. ఇప్పటికే పడి, ఆపరేషన్ చేయించుకుని, నడుం కింద స్పర్శ లేకుండా ఇల్లు చేరినవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. చాలా ఇళ్లలో వాళ్లకు ఎక్సర్‌సైజులు చేయించేది అన్నో, తమ్ముడో, అక్కో. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

డిశ్చార్జి అయిన కొన్ని వారాలకు, పడుకున్నవాడి కాలు ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. మొక్కు ఫలించిందని ఇంట్లో కొబ్బరికాయ కొడతారు. నిజానికి అది స్పాజం. మెదడు అదుపు లేని వెన్నుపాము తనంతట తానే కండరాన్ని లాగుతుంది. కదలిక తిరిగొచ్చిందో లేదో తేల్చుకోవాలంటే దుప్పటి తీసేసి, కాలిని తాకకుండా, ‘బొటనవేలు పైకెత్తు’ అని మూడుసార్లు అడగండి. అడిగినప్పుడల్లా లేచి, ఆపమంటే ఆగితే ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. స్పాజం ఒక్కసారిగా పెరిగిందంటే మాత్రం మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఎక్కడో పుండు, లోపలికి పెరిగిన కాలిగోరు, ఇలాంటిదేదో ఉందేమో వెతకాలి. నొప్పి తెలియని శరీరం తన బాధ చెప్పుకునేది అలాగే.

‘సంక్రాంతికల్లా నడుస్తావురా’ అని గడువు పెట్టొద్దు. పండగ దాటిపోగానే ఎక్సర్‌సైజు మానేస్తాడు, దేవుడి మీదా అన్న మీదా కూడా అలుగుతాడు. అలాగని ‘ఇక ఇంతే’ అనడమూ తప్పే. తిరిగొచ్చే బలంలో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే వస్తుంది. ‘నిన్న మంచం అంచున చేతులు ఆనించకుండా ఐదు నిమిషాలు కూచున్నావు, ఇవాళ ఏడు చూద్దాం’ అనండి. చొక్కా వేసుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. ప్రేమకొద్దీ బొత్తాలు మీరే పెట్టేస్తే ఆ పూట వ్యాయామం పోయినట్టే.

తమ్ముడి చేత దీక్ష పట్టిస్తే నయమవుతుందనుకునే ఇళ్లున్నాయి. నేల మీద పడక అతనికి బెడ్‌సోర్ (ఒత్తిడితో పడే పుండు) తెస్తుంది. ఉపవాసంలో నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో రాళ్లు. మిట్టమధ్యాహ్నం గుడి బండల మీద ఆనిన పాదం బొబ్బలెక్కినా అతనికి తెలియదు. మాల అన్న వేసుకోవచ్చు, ఇద్దరి పేరు మీదా పూజ చేయించుకోవచ్చు, తమ్ముడు మాత్రం కుషన్ మీదే కూచోవాలి. చర్చి ప్రార్థనలకు వెళ్లినా, దర్గాకు వెళ్లినా ఇంతే.

పడక గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నులక మంచం మధ్యలో కుంగుతుంది, అందులోంచి ఎంత బలవంతుడైనా పక్కకు జరగలేడు. పైన ప్లైవుడ్ పలక వేసి నాలుగంగుళాల ఫోమ్ పరుపు పరవండి. కుషన్‌తో కలిపి వీల్‌చైర్ సీటు ఎత్తు కొలిచి, మంచం కూడా పరుపుతో కలిపి అంతే ఎత్తు వచ్చేలా కోళ్ల కింద చెక్కదిమ్మెలు పెట్టండి. రాత్రయినా సరే రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చినప్పుడల్లా నడుం కింద, పిరుదులు, తుంటి, మడమలు టార్చిలైటుతో చూడాలి. ఎర్రగా కనిపించినచోట వేలితో నొక్కి వదలండి, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకూడదు, పసరు రాయకూడదు, మళ్లీ బరువు పడనీయకూడదు. గాలి నింపిన రింగు కింద పెడితే దాని అంచు రక్తాన్ని ఆపి పుండును పెంచుతుంది. మడమ కోసం పిక్క కింద దిండు పెడితే చాలు.

కుర్చీలో ఉన్నప్పుడు చేతుల మీద పైకి లేవమంటారు గానీ, రక్తం తిరిగి పారాలంటే రెండు నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరూ లేచి ఉండలేరు. ఛాతీ మోకాళ్ల మీదికి వచ్చేలా ముందుకు వంగడం మేలు, అరగంటకోసారి.

మెడ దగ్గర దెబ్బ తగిలి, మణికట్టు మాత్రం పైకి లేపగలిగేవాళ్ల వేళ్లను బలవంతంగా సాగదీయకండి. మణికట్టు లేపినప్పుడు బిగిసిన వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, గ్లాసు పట్టుకునేది ఆ బిగువుతోనే. వేళ్లు చాపాల్సి వస్తే మణికట్టును కిందికి వంచి చాపండి. ఒక కాలు వాచి వేడిగా ఉంటే నూనె మర్దన వద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఛాతీ ఆరో పూస, ఆపైన గాయమైనవాళ్లకు ఇంకో గండం ఉంది, బీపీ ఒక్కసారిగా పెరిగిపోవడం. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు. వీళ్ల బీపీ మామూలుగా 90, 100 ఉంటుంది కాబట్టి 130 చూసి నార్మలే అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే నిటారుగా కూచోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం పోయే కాథెటర్ గొట్టం మెలిపడిందేమో చూడండి. గొట్టం లేనివాళ్లయితే మూత్రం తీయాలి. తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి.

కుటుంబంలో ఒకరు కాథెటర్ వేయడం, పక్క మార్చడం, కుర్చీలోకి దించడం తమ చేతులతో చేసి చూపించేవరకు ఆస్పత్రులు డిశ్చార్జి చేయకూడదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి వాడే కాథెటర్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇవ్వాలి.

మీకూ ఒక మనవి. ‘దేవుడి దయతో లేచి నడిచాడు’ అన్న వార్త వేసేటప్పుడు, వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నదా, పాక్షికంగానా అన్నది ఒక్క వాక్యంలో రాయండి. పాక్షిక గాయమైతే చాలామంది నడుస్తారు. అది తెలియక, పూర్తి గాయమైన తమ్ముణ్ని జీపులో పడుకోబెట్టుకుని, నేర్పుతున్న ఫిజియోథెరపీ మధ్యలో ఆపేసి, ఆ ఊరు వెతుక్కుంటూ పోయే అన్నలున్నారు.

ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించే బృందం,
నల్గొండ జిల్లా