తప్పుడు సాక్ష్యం శిక్షలపై కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదిగా, 2008లో సుప్రీంకోర్టు తేల్చిన మధ్యప్రదేశ్ కేసు ఒకటి మీ దృష్టికి తెస్తున్నాను. తనపై ఇద్దరు అత్యాచారం చేశారని ఫిర్యాదు ఇచ్చిన ఒక మహిళ, బోనెక్కాక అలాంటిదేమీ జరగలేదని చెప్పడంతో నిందితులు విడుదలయ్యారు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఆమెకు మాత్రం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 344వ సెక్షన్ కింద మూడు నెలల సాధారణ జైలుశిక్ష పడింది. చదువురాని దాన్ని, తప్పయింది, మన్నించండని షోకాజ్ నోటీసుకు ఆమె ఇచ్చిన జవాబే నేరం ఒప్పుకోలయింది. హైకోర్టు ఆమె అప్పీలును కొట్టివేసింది, సుప్రీంకోర్టు కూడా శిక్షను మార్చలేదు.

అబద్ధపు సాక్ష్యాలు ప్రబలిపోయాయని ఆ తీర్పులో సుప్రీంకోర్టు వెలిబుచ్చిన ఆవేదన న్యాయమైనదే. రోజూ కోర్టులో ఉండేవాళ్లం మేమూ దాన్ని చూస్తున్నాం. అయితే సాక్షి మాట ఎందుకు మార్చింది, ఎవరు మార్పించారు అన్నది విచారించి తీరాలని ఆ 344వ సెక్షన్‌లో ఎక్కడా లేదు. కొన్నేళ్ల క్రితం ఇలాంటి కేసులోనే ఒక అమ్మాయి సాక్ష్యం చెప్పడం దగ్గరగా చూశాను. చేతిలోని బస్సు టికెట్టును నలుపుతూ, జడ్జి గారి వైపు కాక వెనక బల్ల మీద కూర్చున్న ఊరి పెద్దమనుషుల వైపు చూస్తూ, అడిగిన ప్రతిదానికీ "నాకేం తెలియదండి" అంది. పావుగంటలో ఆమెను హోస్టైల్‌గా, అంటే తనను పిలిచిన పక్షానికే ఎదురుతిరిగిన సాక్షిగా, ప్రకటించడం కూడా అయిపోయింది.

సాక్షిని బెదిరించి అబద్ధం చెప్పించడం నేరమని 2006లోనే భారత శిక్షాస్మృతిలో 195ఏ సెక్షన్ చేర్చారు, ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 232వ సెక్షన్. 344 కూడా 2024 జులై 1 నుంచి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 383గా వచ్చింది, కానీ అందులో చెప్పుకోదగ్గ మార్పు గరిష్ఠ జరిమానా 500 నుంచి 1,000 రూపాయలకు పెరగడమే.

కాబట్టి లైంగిక నేరాల కేసుల్లో ఫిర్యాదుదారుకు 383 కింద శిక్ష వేసే ముందు, బెదిరింపు గానీ బలవంతపు రాజీ గానీ జరిగిందా అని న్యాయస్థానం విచారించి, తాను తేల్చిన విషయాన్ని రాతపూర్వకంగా నమోదు చేసేలా సవరణ తీసుకురావాలని కోరుతున్నాను. షోకాజ్ జవాబు రాసే దశలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆమెకు ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. అదే సురక్షా సంహితలోని 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ నోటిఫై చేయాల్సిన సాక్షుల రక్షణ పథకం ఏ రాష్ట్రంలో ఏ దశలో ఉందో పార్లమెంటు ముందుంచాలని కూడా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
జిల్లా కోర్టు న్యాయవాది