శరణార్థులకు ఒక చట్టం కావాలి: కేంద్ర హోం మంత్రికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

కేంద్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విశాఖపట్నం. ఇక్కడ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక, తరతరాలుగా అక్కడ బతికిన తెలుగువాళ్లు కట్టుబట్టలతో వచ్చేశారు. కాందిశీకులు అనేవారు వాళ్లని. మనవాళ్లే కాబట్టి తలదాచుకోను చోటు దొరికింది. నేను అడిగేది మనవాళ్లు కానివాళ్ల గురించి.

2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి చిక్కినప్పుడు మా మేడ మీద ఒక అఫ్గాన్ కుర్రాడు అద్దెకుండేవాడు. ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి. అర్ధరాత్రి దాటినా గదిలో లైటు వెలుగుతూనే ఉండేది, ఫోన్ చేతిలోంచి దిగేది కాదు. ఇంట్లోవాళ్ల గురించి దిగులు ఒకటి, వీసా గడువు టెన్షన్ ఇంకొకటి. "చదువైపోతే పంపేస్తారా అంకుల్?" అని అడిగాడు. పంపరు, ఇదిగో చట్టం అని చూపించడానికి మన దగ్గర ఒక్క సెక్షన్ లేదండీ.

1951 శరణార్థుల ఒప్పందంలో గానీ, 1967 ప్రోటోకాల్‌లో గానీ మనం చేరలేదన్నది ప్రభుత్వాలు ఎప్పుడూ చెప్పే మాట. నిజమే. అయినా బాధ్యత అక్కడితో తీరిపోదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లోనే చేరాం. చిత్రహింసలు కూడదంటుంది దాని 7వ అధికరణం. ప్రాణానికి ముప్పుందని, హింస పెడతారని గట్టి ఆధారాలున్న చోటికి మనిషిని పంపినా ఆ ఒడంబడికను మీరినట్టేనని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2004లో వివరించింది. 1992లో బాలల హక్కుల ఒప్పందంలోనూ చేరాం. అందులో 22వ అధికరణం అచ్చంగా శరణార్థి పిల్లల కోసమే.

పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడాల్సింది రాజ్యమేనని సుప్రీంకోర్టు 1996లో, అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మా శరణార్థుల కేసులో చెప్పింది. 2021లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల కేసులో మాత్రం, నిర్దేశించిన పద్ధతి పాటించి పంపవచ్చంది. మరి ఆ పద్ధతిలో, "నన్ను పంపితే చంపేస్తారు" అనే మనిషి మాట వినేదెవరు? శరణార్థులమని చెప్పుకునేవాళ్ల విషయంలో 2011లో మీ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది, దీర్ఘకాలిక వీసాకు దారి చూపింది. మంచి పనే. కానీ అది చట్టం కాదు, రేపు మార్చేయవచ్చు. 2025లో తెచ్చిన విదేశీయుల చట్టంలోనూ శరణార్థి అంటే ఎవరో చెప్పలేదు. కొన్ని వర్గాలకు ఉత్తర్వులతో మినహాయింపులిచ్చారు. మిగతావాళ్ల ప్రాణాలూ ప్రాణాలే కదా.

దేశ భద్రత సంగతేమిటని అడుగుతారు. సరైన ప్రశ్నే. మనం చేరని ఆ 1951 ఒప్పందంలోనే దీనికి జవాబుంది: యుద్ధ నేరస్థులకు శరణార్థి హోదా లేదు, దేశ భద్రతకు ప్రమాదమని నమ్మడానికి తగిన కారణాలున్నవాళ్లకు, ముప్పున్న చోటికి తిప్పి పంపకూడదనే 33వ అధికరణం రక్షణ వర్తించదు. ఎవరు ఏమిటో తేలాలంటే ముందు విచారణ జరగాలి. చట్టం లేకపోతే ఆ విచారణకు హామీయే లేదు.

అందుకే శరణార్థి చట్టం బిల్లు మీ శాఖే పార్లమెంటులో పెట్టాలని కోరుతున్నాను. శరణు అడిగిన మనిషికి అతని భాష తెలిసినవాళ్ల సాయంతో విచారణ జరగాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పీలుకు వీలుండాలి. ఆ అప్పీలు తేలేదాకా ఎవరినీ విమానం ఎక్కించకూడదు. చట్టం వచ్చేలోగా ఈ నాలుగూ పాటించమని రాష్ట్రాలకు ఒక ఉత్తర్వు ఇవ్వండి, అది ఈ వారమే ఇవ్వవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
చినవాల్తేరు, విశాఖపట్నం