కంచే చేను మేసిందా?

సంపాదకులకు నమస్కారం.

చాగస్ జబ్బు మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ కనిపెట్టిన ఈ లాటిన్ అమెరికా పేదల జబ్బు గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ, సంతోషం. కానీ ‘రోగనిరోధక శక్తే ఎదురు తిరిగి గుండెను తినేస్తుంది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. వైద్య విద్యార్థులకు ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ణి. ఆ మాట వల్ల ఎంత నష్టం జరిగిందో తెలుసు కాబట్టి రాస్తున్నాను.

జబ్బు సోకిన కొత్తలో గుండె కండరాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే, పోగుల లోపల ఈ జబ్బు తెచ్చే పరాన్నజీవి ట్రిపనోసోమా క్రూజీ ఆవగింజలు పోసినట్టు కిక్కిరిసి ఉంటుంది. ఇరవై ఏళ్లు ముదిరాక అదే కండరంలో ఎంత వెతికినా దాదాపు కనిపించదు. తెల్లరక్తకణాల గుంపులు, మచ్చకట్టిన కండరం, అంతే. అందుకే పరాన్నజీవి ఎప్పుడో పోయింది, కంచే చేను మేస్తోంది అని చాలామంది పరిశోధకులు దశాబ్దాలపాటు నమ్మారు. లేని పరాన్నజీవికి మందెందుకని ముదిరిన రోగులకు మందే ఇవ్వలేదు.

తర్వాత పీసీఆర్ పరీక్షలొచ్చాయి. వాపు ఉన్న కండరంలోనే పరాన్నజీవి డీఎన్ఏ దొరికింది. అవయవ మార్పిడి కోసం నిరోధక శక్తిని తగ్గించినప్పుడు, ఎయిడ్స్ ముదిరినప్పుడు అణిగి ఉన్న జబ్బు మళ్లీ విజృంభిస్తుంది. అంటే నిరోధక శక్తి కాపలా కాస్తూనే ఉంది. టి కణాలు అనే తెల్లరక్తకణాలు పరాన్నజీవిని అణచగలుగుతున్నాయి గానీ పూర్తిగా తుడిచిపెట్టలేకపోతున్నాయి. ఆ ఎడతెగని పోరులో నలిగేది గుండె. సొంత కండరం మీద దాడి బొత్తిగా లేదని నేననను. దాన్నొక్కదాన్నే దోషిగా నిలబెట్టడం తప్పు.

2015లో వెలువడిన బెనిఫిట్ అధ్యయనంలో, అప్పటికే గుండె దెబ్బతిన్న 2,800 మందికి పైగా రోగుల్లో కొందరికి పరాన్నజీవిని చంపే బెంజ్నిడజోల్ మందు, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మందు వాడినవారి రక్తంలో పరాన్నజీవి తగ్గింది, గుండె క్షీణత మాత్రం ఆగలేదు. మందు దండగని కొందరు తీర్పిచ్చేశారు. నాకు అందులో కనిపించింది ఆలస్యం. పుట్టుకతో సోకిన పసివాళ్లకు మొదటి ఏడాదిలోనే ఇస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. గర్భం రాకముందే తల్లికి వైద్యం చేస్తే బిడ్డకు సోకే ముప్పూ తగ్గుతుంది.

ప్రపంచంలో సుమారు 70 లక్షల మందికి ఈ జబ్బు ఉంటే, ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. ఏళ్లు గడిచాక వారిలో మూడో వంతు దాకా గుండె జబ్బు పాలవుతారు. మీ వ్యాసంలో జబ్బును బయటపెట్టే రక్తపరీక్ష ప్రస్తావన ఒక్కచోటా లేదు. ఆ సవరణ వేయగలరని కోరుతున్నాను.

— ఒక అధ్యాపకుడు