పన్నెండో నంబరు

ఫ్రిస్కో,
ఫిబ్రవరి 16, 2025

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజీ మూడుసార్లు విన్నాను. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు నవ్వే ఉంది. నవ్వరా, నవ్వు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ కప్పు కొట్టిన వారం మన కౌబాయ్స్ అభిమానికి డల్లాస్‌లో తలెత్తుకు తిరగడం ఎంత కష్టమో నీకేం తెలుసు. మా టీమ్ లీడుది ఫిలడెల్ఫియా. సోమవారం పొద్దున్నే ఆకుపచ్చ జెర్సీ వేసుకొచ్చి, నా సీటు పక్కన నిలబడి, తీరిగ్గా ఒక కప్పు కాఫీ తాగి వెళ్ళాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏదైనా అన్నా బాగుండేది.

మెసేజీ చివర్లో అడిగావు చూడు, "మరి ఈసారి డ్రాఫ్ట్‌లో మనవాళ్ళు ఎవర్ని పట్టుకొస్తారు" అని, దానికి ఫోన్లో జవాబు చెప్పబోతే నువ్వు మధ్యలో దూరి చెడగొడతావు. అందుకే రాస్తున్నా. మీ తమ్ముడు కూడా ఈ మధ్య ఆట చూస్తున్నాడన్నావుగా, వాడికీ చదివి వినిపించు. ఇది ఐపీఎల్ వేలంలాంటిదేనా అని వాడి అనుమానం కదా. కాదని చెప్పు. కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని లీగు జట్లు వంతులవారీగా తీసుకోవడమే డ్రాఫ్ట్. ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తలకిందులు చేస్తే డ్రాఫ్ట్ అవుతుంది. ఇక్కడ కాలేజీలే పిల్లల్ని ఎంచుకుంటాయి, అందులోనూ అన్నిటికన్నా చెత్త కాలేజీకి మొదటి ర్యాంకరు! 32 జట్లు, ఏడు రౌండ్లు. పోయిన సీజన్లో బాగా చితికిపోయినవాడు ముందు, కప్పు కొట్టినవాడు చివర. మొదటి రౌండులో ఒక్కో జట్టుకి పది నిమిషాల గడువు. ఎవరి పేరు చదివితే వాడు ఆ ఊరెళ్ళి ఆడాల్సిందే, నాకిష్టం లేదంటే కుదరదు.

టెనెసీ 3-14తో, అంటే మూడు గెలిచి పద్నాలుగు ఓడి, మొదటి నంబరు సంపాదించుకుంది. మనం 7-10. అటు ప్లేఆఫ్స్‌కీ పోలేదు, ఇటు పైనున్న నంబరూ దక్కలేదు, రెంటికీ చెడ్డ రేవడి. వచ్చింది పన్నెండు.

అయితే పన్నెండుని తీసిపారెయ్యకు. 2021లో మనం డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ని తెచ్చుకున్నది ఆ నంబరు మీదే. పదో నంబరు మన చేతిలో ఉంటే దాన్ని ఈగల్స్‌కిచ్చి, రెండు మెట్లు దిగి మరీ తెచ్చాం. మన ఓనరు జెర్రీ జోన్స్ చేసిన మంచి పనుల లిస్టు పెద్దదేం కాదు గానీ, అది రాసుకోవాల్సిందే.

ఇక్కడో మాట చెప్పాలి. ఈగల్స్, కాన్సాస్ సిటీ ఆడిన ఫైనల్, సూపర్ బౌల్, మా వీధిలో ఒకళ్ళ గరాజ్‌లో చూశాం. ప్రొజెక్టరు, మడత కుర్చీలు, మిరపకాయ బజ్జీలు, ఎవరికి వాళ్ళు తెచ్చిన మూడు రకాల బిర్యానీ. ఆ ఇంటాయన మామగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకుని కూర్చున్నారు పాపం. పావుగంటసేపు నోరెత్తలేదు. తరవాత నన్ను మోచేత్తో పొడిచి, "ఏం బాబూ, ఆ మధ్యలో లావుపాటోళ్ళు బంతి ముట్టుకోరేం?" అన్నారు. వాళ్ళ పని తోసుకోవడమేనండీ అన్నాను. ఇంకో బజ్జీ అయ్యాక, "ఆ కాన్సాస్ వాళ్ళకి ముందు గోడ లేదయ్యా. గోడ లేకపోతే వెనకాల ఆ పిల్లాడు మాత్రం ఏం చేస్తాడు?" అన్నారు. ఆ పిల్లాడు మహోమ్స్, కాన్సాస్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు! ఆ రాత్రి ఈగల్స్ అదనంగా ఒక్క మనిషిని కూడా మీదికి పంపలేదు. ముందు వరసలో ఉన్న నలుగురితోనే పని కానిచ్చి అతన్ని ఆరుసార్లు పడగొట్టారు. 40-22 అంటున్నారు గానీ ఆ 22లో చాలా భాగం ఆట అయిపోయాక దయతో వదిలేసింది.

టీవీలో కోట్లు తొడుక్కుని గంటలకొద్దీ చెప్పేది ఆ పెద్దాయన రెండు బజ్జీల మధ్యలో చెప్పేశాడు. అప్పట్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది.

మన 2016 గుర్తు తెచ్చుకో. రిచర్డ్‌సన్ అపార్ట్‌మెంటు, నలుగురం, ఒకే ఒక్క సోఫా, అది కూడా చెత్తకుండీ పక్కన దొరికింది. 13-3! నాలుగో రౌండులో 135వ నంబరుగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ డాక్, నాలుగో నంబరుగా వచ్చిన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఎలియట్, ఇద్దరికీ అది మొదటేడు. ఎలియట్ 1,631 గజాలు పరిగెత్తి లీగుకే మొదటివాడయ్యాడు. మనం వాళ్ళిద్దర్నే చూసి ఈలలు వేశాం. వాళ్ళ ముందు నిలబడ్డవాళ్ళెవరు? టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్. ముగ్గురూ మొదటి రౌండులో తెచ్చినవాళ్ళే. ఆ వెనకాల నువ్వు పరిగెత్తినా 400 గజాలు వచ్చేవి. జనవరిలో గ్రీన్ బేతో చివరి సెకన్లలో 51 గజాల కిక్కు పడి 34-31తో పోయినప్పుడు నువ్వు కుక్కరు ఆపడం మర్చిపోయావు, పప్పు అడుగంటి ఇల్లంతా కంపు. ఎవడూ లేచి స్టవ్ కట్టెయ్యలేదు. ఈ ఏడాది డ్రాఫ్ట్ పెడుతున్నది అదే గ్రీన్ బేలో, చూశావా.

ఆ ముగ్గురిలో మిగిలింది మార్టిన్ ఒక్కడే. 2014లో జెర్రీ మనసంతా క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్‌జియెల్ మీద ఉందని, కొడుకు స్టీఫెన్ వాళ్ళు పట్టి ఆపితే మార్టిన్ వచ్చాడని ఈ ఊళ్ళో చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు. మాన్‌జియెల్ క్లీవ్‌లాండ్ వెళ్ళి రెండేళ్ళలో లీగులోంచే మాయమయ్యాడు. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి, అంటే లీగు మేటి ఆటగాళ్ళ జట్టుకి, ఎంపికయ్యాడు. ఇప్పుడు అతనికి 34, చీలమండకి ఆపరేషన్ అయింది, కాంట్రాక్టూ అయిపోయింది. ఇంకో ఏడాది ఆడతాడన్న ఆశ నాకైతే లేదు. అంటే ఆ గోడలో కుడివైపు గార్డు చోటు ఖాళీ అయినట్టే లెక్క.

అవతలివైపు, డిఫెన్స్ నడుమ సంగతి ఇంకా ఘోరం. 2023లో 26వ నంబరు ఖర్చుపెట్టి మాజీ స్మిత్‌ని తెచ్చింది ఆ గొయ్యి పూడుద్దామనే. పూడలేదు. అక్టోబరులో డెట్రాయిట్ మన ఇంటికొచ్చి, అది కూడా జెర్రీ 82వ పుట్టినరోజున, 47-9తో కొట్టిపోయింది. నేను స్టేడియంలోనే ఉన్నాను. పార్కింగుకి ఇచ్చిన డబ్బుతో ఓ నెల కూరగాయలు వచ్చేవి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఆష్టన్ జెంటీ.

పేరు విని ఉంటావు. బోయిసీ స్టేట్ కుర్రాడు, రన్నింగ్ బ్యాక్. పోయిన సీజన్లో 2,601 గజాలు పరిగెత్తాడు. మన దగ్గర ప్లాట్లు అమ్మే గజాలు కావురోయ్, ఒక్కో గజానికీ ఒకణ్ణి గుద్దుకుంటూ పోయాడు. 1988లో బ్యారీ శాండర్స్ పెట్టిన 2,628 రికార్డుకి 27 గజాలు తక్కువ. కాలేజీ ఆటలో మేటికిచ్చే హైస్మన్ ట్రోఫీలో ట్రావిస్ హంటర్ తరవాత రెండోవాడు. ఆట మొదలవ్వక ముందు వీడు నిలబడే తీరు చూడాలి. మిగతావాళ్ళంతా మోకాళ్ళు వంచి, చేతులు తొడల మీద పెట్టుకుని సిద్ధంగా ఉంటారా, వీడు బస్సు కోసం చూస్తున్నట్టు చేతులు వేలాడేసి నిటారుగా నిలబడతాడు. చూస్తే బద్ధకస్తుడేమో అనిపిస్తుంది. బంతి చేతికందాక వాడి నడుముని ఎవరూ పట్టుకోలేరు, భుజం తగిలిస్తే వాళ్ళే పడతారు.

పొట్టివాడే. నాన్న నేవీలో పనిచేసేవాడు కాబట్టి ఇటలీలో నేపుల్స్‌లో ఉండగా ఈ ఆట మొదలెట్టాడు. ఆ తరవాత చదివిందెక్కడో తెలుసా? ఫ్రిస్కోలో! లోన్ స్టార్ హైస్కూలు. మా ఇంటి నుంచి కారులో పది నిమిషాలు. కౌబాయ్స్ ప్రాక్టీసు చేసే ద స్టార్ కూడా ఈ ఊళ్ళోదే, హైస్కూలు పిల్లలు అక్కడి ఇండోర్ స్టేడియంలో కూడా ఆడతారు. నీకో రహస్యం చెప్తా, ఎవరికీ అనకు. 2021లో ఒక శుక్రవారం రాత్రి నేను లోన్ స్టార్ మ్యాచ్‌కి వెళ్ళాను. పక్కింటివాళ్ళ అమ్మాయి బ్యాండులో ఫ్లూటు వాయిస్తుంటే వీడియో తీసిపెట్టమన్నారు. తీశాను. నాచోస్ తిన్నాను. రెండో సగం మొదలవ్వకుండానే చలేస్తోందని ఇంటికొచ్చేశాను. ఆ ఫోనులో ఇప్పుడు వెతికితే పదకొండు నిమిషాల ఫ్లూటు ఉంది, జెంటీ ఒక్క సెకను కూడా లేడు.

కాబట్టి మనసు ఏమంటుందో వేరే చెప్పక్కర్లేదు. మన రికో డౌడల్ 1,079 గజాలు పరిగెత్తాడు, పాపం మంచివాడే, కానీ అతని కాంట్రాక్టూ అయిపోయింది. పోయినేడు డెరిక్ హెన్రీ ఇదే డల్లాస్‌లో ఇల్లు పెట్టుకుని కూర్చుంటే మనవాళ్ళు ఫోను కూడా చెయ్యలేదు. అతను బాల్టిమోర్ వెళ్ళి 1,921 గజాలు పరిగెత్తాడు. మళ్ళీ ఇంటి కుర్రాణ్ణి వదులుకుంటే ఊరు ఊరుకోదు. అయినా ఊరివాడు ఊరి జట్టుకే దక్కాలని రాసిపెట్టి ఉందా? మన హైదరాబాదు సిరాజ్‌ని చూడు, వేలంలో 12.25 కోట్లకి గుజరాత్ ఎత్తుకుపోయింది.

అసలు జెంటీ పన్నెండు దాకా ఉంటాడా అన్నది ముందు ప్రశ్న. నా లెక్కలో ఉండడు. ముందున్న పదకొండుమందిలో ఒకడికైనా కన్ను కుడుతుంది. ముందుకు జరగాలంటే మన రెండో రౌండుదీ మూడో రౌండుదీ వాళ్ళ చేతిలో పెట్టాలి. నాలుగోదాన్ని నవంబరులోనే జొనాథన్ మింగో అనే రిసీవరు (విసిరిన బంతి అందుకునేవాడు) కోసం ధారపోశాం. మిగిలింది ఇంట్లో అటుకుల డబ్బా ఒక్కటే.

అదీగాక ఈ ఏడు రన్నింగ్ బ్యాకులు సంతలో వంకాయల్లా ఉన్నారు. నార్త్ కెరొలైనా ఒమారియన్ హాంప్టన్, ఒహాయో స్టేట్ నుంచి జడ్కిన్స్, హెండర్సన్ ఇద్దరూ, ఆరిజోనా స్టేట్ స్కాటబో. రెండో రౌండులో 44వ నంబరుకి వీళ్ళలో ఒకడు దొరక్కపోడు. 320 పౌన్లుండి, కాళ్ళు కదిలేవాడు మాత్రం 44 దాకా ఆగడు.

మా తాత ఎద్దుల్ని కొనడం నువ్వు చూడలేదు. సంతలో పళ్ళు చూసేవాడు, సుడులు చూసేవాడు, గిట్టలు ఎత్తి చూసేవాడు, చివరికి బురదలోకి దింపి నడిపించమనేవాడు. బేరగాడు మూపురం తట్టి, కొమ్ములకి రంగేసి ఎంత పొగిడినా వినిపించుకునేవాడు కాదు. ఈ నెలాఖరున ఇండియానాపోలిస్‌లో డ్రాఫ్ట్ కుర్రాళ్ళని కొలిచే కంబైన్ అని జరుగుతుంది, అచ్చం ఆ సంతే. అరచేయి వెడల్పు, చేయి పొడవు, 225 పౌన్లు ఎన్నిసార్లు ఎత్తాడు, 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు. పోయినేడు వర్దీ 4.21 పరిగెత్తి రికార్డు కొడితే జనం వెర్రెత్తిపోయారు. నేను మాత్రం తాత మనవణ్ణి, ఈసారి లావుపాటోళ్ళు పరిగెత్తే రోజు సెలవు పెట్టి చూస్తాను. ఒంగోలు గిత్తలు బండ లాగేటప్పుడు ముందు గిట్ట ఎక్కడ దిగుతుందో చూస్తాం కదా, గార్డుని కూడా అలాగే చూడాలి. అలబామా గార్డు టైలర్ బుకర్ ఆటలు నాలుగు చూశాను. ఎదుటివాడి రొమ్ము మీద చెయ్యి వేశాక వాడి మడమలు వెనక్కే పోతాయి, ముందుకి రావు. గార్డుకి పన్నెండో నంబరు ఎక్కువంటారు. మార్టిన్‌కి పదహారు ఎక్కువైందా మరి?

డిఫెన్స్‌వైపైతే మిషిగన్ మేసన్ గ్రేహమ్ కావాలి, కానీ అతను మనదాకా రాడు. ఓల్ మిస్ వాల్టర్ నోలెన్ రావచ్చు. అరిజోనా నుంచి మెక్‌మిలన్ అనే పొడుగాటి రిసీవరు ఉన్నాడు, మన లాంబ్‌కి జోడీగా చూడముచ్చటగా ఉంటాడు. జెర్రీకి అలాంటి మెరుపులంటే బలహీనత, నాకదే భయం. రిసీవర్లని కాసే కార్నర్లలో మన డిగ్స్ మోకాలు మళ్ళీ కోయించుకున్నాడు, కాబట్టి అక్కడా ఒకడు కావాలి. ఆ గోల తరవాత చూసుకుందాం.

ఇంత చించుకోవడం దేనికంటావా, డబ్బు లేదురా. డాక్‌కి ఏడాదికి 6 కోట్ల డాలర్లు, లాంబ్‌కి 3.4 కోట్లు, రేపో మాపో పార్సన్స్‌కి అంతకన్నా ఎక్కువ ఇవ్వాలి. బయటి మార్కెట్లో జెర్రీ పర్సు తియ్యడు. చవగ్గా నాలుగేళ్ళు ఆడేవాడు దొరికేది డ్రాఫ్ట్‌లోనే. ఓనరూ తనే, జట్టుని ఎంచే జీఎమ్మూ తనే, 1989 నుంచీ. అడిగేవాడు లేడు. కొత్త కోచ్ షాటెన్‌హైమర్ నిన్నటిదాకా ఇక్కడే పనిచేసిన మనిషి, వంటవాణ్ణి మార్చమంటే గరిటె మార్చారు.

జట్టులో నా నమ్మకమంతా కిక్కరు ఆబ్రీ మీదే. 65 గజాల నుంచి కొట్టాడు పోయిన సెప్టెంబరులో. సాకర్ వదిలేశాక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేశాడు తెలుసా, ఇక్కడి మనవాళ్ళంతా అతన్ని చుట్టంలా చూస్తారు. మా ఆవిడ నన్ను చూసి ఒకసారి అతని వైపు చూస్తుంది, అంతే.

డ్రాఫ్ట్ ఏప్రిల్ 24 సాయంత్రం ఏడింటికి. మీకు 25 తెల్లవారి ఐదున్నర. నువ్వు ఇడ్లీ తినే వేళకి మన నంబరు వస్తుంది. గార్డు పేరు చదివితే నేనే ఫోను చేస్తాను. జెంటీ గనక జారి పన్నెండు దాకా వచ్చి, వాడి పేరు చదివారనుకో, నువ్వు ఎన్నిసార్లు చేసినా ఎత్తను. వీధిలో ఉంటాను.

నీ
రవి

తా.క. వచ్చే నెల మీ అత్తగారు వస్తున్నారుగా, గోంగూర పచ్చడి ఆవిడ చేతికివ్వు. పోయినసారిలా మూత వదులుగా పెట్టకు, నా సూట్‌కేసులో డాక్ జెర్సీ ఇంకా నూనె వాసన కొడుతోంది.