అర్రే పాఠంలో చెప్పకుండా వదిలేసిన విషయం

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యా పేజీలో ప్రోగ్రామింగ్ పాఠాలను తెలుగులో ప్రచురిస్తున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. విలువలను గడుల్లో వరుసగా ఉంచే అర్రేలు, లిస్టుల గురించి ఇటీవల వచ్చిన పాఠంలో వాటిని ఎలా రాయాలో చక్కగా వివరించారు గానీ, అలా రాసినప్పుడు మెమరీలో నిజంగా ఏం తయారవుతుందో చెప్పలేదు. ఈ విషయాన్ని మొదట్లోనే చెప్పకపోతే విద్యార్థులు తర్వాత ఎంతగా తికమక పడతారో బోధకుడిగా నేను తరచూ చూస్తున్నాను.

పైథాన్‌లో మూడు వరుసలు, మూడు నిలువు గడులున్న పట్టిక కావలసిన విద్యార్థి, మూడు సున్నాల లిస్టును మరో లిస్టులో ఉంచి దానిని 3తో గుణిస్తాడు. ప్రింట్ చేసి చూస్తే పట్టిక సవ్యంగానే కనిపిస్తుంది. తీరా మొదటి వరుసలోని మొదటి గడిలో 5 ఉంచితే, మూడు వరుసల్లోనూ మొదటి గడి 5గా మారిపోతుంది. ఎందుకంటే ఆ గుణకారం కొత్త వరుసలను సృష్టించలేదు, ఒకే వరుసకు మూడు రిఫరెన్సులను (అది మెమరీలో ఎక్కడుందో చూపే గుర్తులను) మాత్రమే పెట్టింది. లిస్టు లోపలే లూపును రాసే లిస్ట్ కాంప్రిహెన్షన్‌తో రాస్తే లూపు తిరిగిన ప్రతిసారీ కొత్త వరుస తయారవుతుంది కాబట్టి ఈ చిక్కు రాదు. జావాస్క్రిప్ట్‌లో ఒకే ఖాళీ అర్రేను ఫిల్ అనే ఫంక్షన్‌కు ఇచ్చి గడులన్నీ నింపినప్పుడూ జరిగేది ఇదే.

జావాలో తేడా మరో రకంగా ఉంటుంది. 2017లో విడుదలైన జావా 9తో వచ్చిన లిస్ట్.ఆఫ్ ఇచ్చే లిస్టులో విలువలను చేర్చడానికీ, మార్చడానికీ వీలుండదు. అంతకు ముందునుంచీ ఉన్న అర్రేస్.యాజ్‌లిస్ట్ ఇచ్చే దానిలో విలువలను మార్చవచ్చు గానీ పరిమాణాన్ని పెంచలేము. పైగా ఒక అర్రేను దానికి అందించి ఉంటే, లిస్టులో చేసిన మార్పు ఆ అర్రేలోనూ కనిపిస్తుంది. జావాలోని మరో లిస్టు రకమైన అర్రేలిస్ట్‌లో మార్చడం, చేర్చడం రెండూ సాధ్యమే. కాట్లిన్ అనే మరో భాషలో చదవడానికి లిస్ట్‌ఆఫ్, మార్చడానికి మ్యూటబుల్‌లిస్ట్‌ఆఫ్ అని పేరులోనే ఉద్దేశం తెలుస్తుంది కాబట్టి, బోధనకు ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం.

రాబోయే పాఠాల్లో ఒక కలెక్షన్‌ను (అర్రే, లిస్టు వంటి విలువల సమూహాన్ని) సృష్టించే ప్రతి విధానం దగ్గరా, అది కొత్త నకలును ఇస్తుందో పాతదానికే దారి చూపుతుందో, తర్వాత దానిని మార్చవచ్చో లేదో, గడుల బొమ్మతో సహా వివరించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ బోధకుడు