దద్దుర్ల సంగతి అడిగావుగా

ఒరేయ్ రమణా,

మీ తమ్ముడి పెళ్లికి ఎందుకు రాలేదని మీ ఆవిడ చేత కూడా ఫోన్ చేయించావు, ఆవిడకి ఇవన్నీ ఏం చెప్తాం, అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఆ పొద్దున చొక్కా తొడుక్కునేసరికి పై పెదవి ఒకవైపు బూరెలా పొంగింది, మెడ చుట్టూ, బెల్టు కట్టే చోటా దద్దుర్లు. ఆ మొహంతో వచ్చి కనిపించిన వాళ్లందరికీ "ఏం తిన్నావ్?" అన్నదానికి జవాబు చెప్పే ఓపిక లేకపోయిందిరా.

దురదకంటే ఆ ప్రశ్నే ఎక్కువ చంపుతోంది. వంకాయ తిన్నావా, గోంగూరా, రొయ్యలా... మా అత్తగారైతే పురుగేదో పాకిందనే పట్టు వదలదు. పెద్దమ్మ గొంగళి తెచ్చి ఒళ్లంతా రుద్దుకోమంది, పాపం ప్రేమతోనే, కానీ నా ఒంటికి కాస్త రాపిడి తగిలితే చాలు అక్కడ కొత్తవి లేస్తాయి. మా చిన్నది సరదాకి ముంజేతి మీద గోటితో 'అ' రాసింది, కాసేపటికి ఆ అక్షరం ఒంపులతో సహా ఉబ్బి పైకి తేలింది. దానికి భలే ఆటయిపోయింది, ఇప్పుడు గుణింతాలు రాస్తానంటోంది.

దీని తిక్కేంటంటే, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఒక్కటీ కనపడదు. రాత్రి తొడల మీద అరచేయంత లేచి నిద్ర పట్టనివ్వదు, తెల్లారేసరికి మచ్చ కూడా ఉండదు. మొదట చూసినాయన ఒక ఇంజెక్షన్ పొడిచి ఖరీదైన అలర్జీ టెస్టు రాశాడు. శనగపప్పు, పాలు, టమాటా, దుమ్ము అంటూ బారెడు లిస్టొచ్చింది, అవన్నీ మానేస్తే నేను చిక్కాను గానీ దద్దుర్లు తగ్గలేదు.

ఇప్పుడు చూస్తున్న స్కిన్ డాక్టరమ్మ నయం. లేచినప్పుడే ఫొటోలు తియ్యమంది, ఒకదాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి టైం చూసుకోమంది. మర్నాటికి గీత ఉంది, దద్దురు లేదు, అది వీపు మీదకి మకాం మార్చింది. ఒక్కోటి 24 గంటల్లోపు మాయమవుతూ, మొత్తంగా 6 వారాలు దాటినా వస్తూనే ఉంటే దాన్ని క్రానిక్ అర్టికేరియా అంటారు. అలా కాకుండా ఒకేచోట రోజుల తరబడి ఉండి, మంటపెట్టి, కమిలిన మచ్చ వదిలితే అది వేరే జబ్బు కావచ్చు, అప్పుడు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారట. చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి, వాటిలోంచి హిస్టమిన్ అనే రసాయనం బయటికి రావడంవల్లే ఈ వాపూ దురదా. చాలామందికి బయటి కారణమేదీ దొరకదని, మన రక్షణ వ్యవస్థే ఊరికే ఆ కణాల్ని రెచ్చగొడుతుందని చెప్పింది. థైరాయిడ్ కూడా చూసింది, అది బాగానే ఉంది. "కారణం వెతకడం ఆపి మాత్ర వేసుకోండి" అని ఆవిడ అంటే నాకెంత హాయనిపించిందో!

ఆ మాత్ర హిస్టమిన్‌ని అడ్డుకునేది, దురద ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి. సెట్రిజిన్‌తో ఆఫీసులో కునుకుతున్నానని ఫెక్సోఫెనడిన్‌కి మార్చింది, పండ్లరసంతో మింగొద్దంది. ఒకటికి లొంగకపోతే 4 రెట్ల దాకా పెంచుతారు, అదీ ఆవిడ చెప్తేనే. దానికీ వినకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది, 2014లో అమెరికాలో దీనికి అనుమతిచ్చారు, దాని రేటు విన్నాక నా దురద కాసేపు ఆగిపోయింది. మా వీధి మందుల షాపతనైతే స్టెరాయిడ్ ఇస్తా, రెండ్రోజుల్లో పోతుందంటాడు. పోతుంది నిజమే, ఆపగానే మళ్లీ తగులుకుంటుంది, పైగా షుగరూ బీపీ అదనం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొందరికి దీన్ని రేపుతాయి కాబట్టి మోకాలికి పారాసిటమాల్‌తోనే సర్దుకుంటున్నా. నాలుక ఉబ్బినా ఊపిరి అందకపోయినా మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి, ఆ మాట మా ఆవిడకీ చెప్పి ఉంచా.

ఎన్నాళ్లకి పోతుందో డాక్టరమ్మా చెప్పలేదు. చాలామందికి కొన్నేళ్లలో దానంతటదే తగ్గుతుందట, చూద్దాం. ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతోంది, నాకదే పదివేలు.

శ్రావణంలో మీ గృహప్రవేశానికి వస్తా, వదులు లుంగీ ఒకటి తీసిపెట్టు. ఆ చిట్కాల వీడియోలు పంపడం మాత్రం ఆపరా బాబూ. మీ నాన్నగారి కంటి ఆపరేషన్ ఎలా అయిందో రాయి, చుక్కలు వేసుకోవడానికి పేచీ పెడుతున్నారా?

నీ
సత్తిగాడు